తెల్లకణాలు: పుట్టిల్లు ఎక్కడ? పని ఏమిటి?

జ్వరం నాలుగు రోజులైనా తగ్గకపోతే డాక్టరుగారు రక్తపరీక్ష చేయించమంటారు. అమలాపురంలోగాని, రాజోలులోగాని, కొత్తపేటలోగాని పరీక్ష చేయించుకున్నవారి చేతికి సాయంత్రానికల్లా ఒక చీటీ వస్తుంది. అందులో తెల్లకణాలకు రెండు లెక్కలుంటాయి. మొదటిది మొత్తం లెక్క. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 4,000 నుంచి 11,000 వరకు ఉంటాయి. రెండవది, ఆ తెల్లకణాలలో ఏ రకం నూటికి ఎన్ని ఉన్నాయన్న లెక్క. న్యూట్రోఫిల్స్ 62, లింఫోసైట్లు 28, మోనోసైట్లు 5, ఇసినోఫిల్స్ 5, బేసోఫిల్స్ 0, ఇలా ఉంటుంది.

మొత్తం ఎన్నో తెలిసిపోయాక, మళ్లీ ఈ వాటాల లెక్క దేనికి? తెల్లకణమంటే ఒంట్లో చొరబడ్డ క్రిములతో పోరాడే సైనికుడని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. సైనికులు ఎందరో తెలిస్తే చాలదా?

చాలదు. ఎందుకు చాలదో మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి చెబుతుంది.

మదనపల్లెలో తేలిన తేడా

రాయలసీమలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అనే చోట పేరుపొందిన క్షయ చికిత్సాలయం ఉండేది. దక్షిణ దేశమంతటి నుంచి రోగులు అక్కడికి వెళ్లేవారు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి, ఇదే వైద్యం.

అక్కడి డాక్టర్లు ఫ్రిమోట్-మొల్లర్, బార్టన్ అనేవారు కొందరు రోగులలో ఒక విచిత్రం గమనించారు. దగ్గు ఉంది, ఆయాసం ఉంది, జ్వరం ఉంది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తులలో క్షయలో కనిపించే మచ్చల వంటివే ఉన్నాయి. కాని కఫంలో ఎంత వెదికినా క్షయ క్రిమి మాత్రం లేదు. రక్తం చూస్తే తెల్లకణాలలో ఇసినోఫిల్స్ అనే ఒక్క రకం విపరీతంగా పెరిగి ఉంది. ఇది క్షయలా కనిపిస్తున్నదే గాని క్షయ కాదని వారు 1940లో ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. 1943లో వీన్‌గార్టెన్ అనే డాక్టరు దీనికి ‘ఉష్ణమండల ఇసినోఫిలియా’ అని పేరు పెట్టాడు.

చూశారా! మొత్తం లెక్కను మాత్రమే చూసి ఊరుకుంటే ఆ రోగులు క్షయరోగులుగానే మిగిలిపోయేవారు. ఏ రకం కణం పెరిగిందో చూడటం వల్ల జబ్బు వేరని తేలింది. మరి ఆ కణమే ఎందుకు పెరిగింది? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ముందు తెల్లకణాల కుటుంబం సంగతి తెలియాలి.

రంగును బట్టి పెట్టిన పేర్లు

తెల్లకణాలకు నిజానికి రంగు లేదు. అందుకే సూక్ష్మదర్శినిలో వాటిని విడదీసి గుర్తించడం మొదట్లో కష్టమయ్యేది. జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే యువ వైద్యుడు బట్టలకు వేసే రంగులను రక్తపు చుక్క మీద వేసి చూశాడు. 1879లో, తన పాతికేళ్ల వయసులో, ఈయన తెల్లకణాలలో ఉండే సన్నని కణికలు అన్నీ ఒకే రంగును పీల్చుకోవని కనిపెట్టాడు. ఇయోసిన్ అనే ఎర్రని ఆమ్ల రంగును పట్టుకునేవి ఇసినోఫిల్స్. క్షార రంగును పట్టుకునేవి బేసోఫిల్స్. రెండింటి మధ్యగా ఉండేవి న్యూట్రోఫిల్స్. ఈ పేర్లే నేటికీ మన చీటీలో ఉన్నాయి.

ఈ పద్ధతి ఎంతో ఉపయోగపడింది. అయితే రంగు ఆ కణం రూపం గురించి చెప్పిందేగాని అది ఎక్కడ పుట్టిందో, ఏం చేస్తుందో చెప్పలేదు. సంతలో ఎర్ర చొక్కాల వాళ్లను, తెల్ల చొక్కాల వాళ్లను లెక్కపెట్టినంత మాత్రాన వారిది ఏ ఊరో, ఏ పని మీద వచ్చారో తెలియదు గదా! ఆ రెండు సంగతులూ తేలడానికి ఇంకో ఎనభై ఏళ్లకు పైగా పట్టింది.

ధవళేశ్వరం దగ్గర చీలిన నది

తెల్లకణాలు పుట్టేది ఎముకల లోపలి మజ్జలో. అక్కడ మూలకణాలు అనే కొద్దిపాటి తల్లి కణాలుంటాయి. 1961లో కెనడాలోని టొరంటోలో టిల్, మెకల్లాక్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన ప్రయోగాలతో వీటి ఉనికి తేలింది. ముందుగా కిరణాలతో ఎలుకల మజ్జను నాశనం చేశారు. తర్వాత వేరే ఎలుక మజ్జ కణాలను వాటికి ఎక్కించారు. వాటి ప్లీహం మీద చిన్న చిన్న బుడిపెలు లేచాయి. ఒక్కొక్క బుడిపె ఒక్కొక్క తల్లి కణం సంతానమనీ, అందులో పలు రకాల రక్తకణాలున్నాయనీ తర్వాత రుజువైంది.

ఇది కోనసీమ పిల్లలకు సులభంగా అర్థమయ్యే విషయం. ధవళేశ్వరం వరకు గోదావరి ఒక్కటే. అది దాటాక గౌతమి, వసిష్ఠ అని రెండు పెద్ద పాయలవుతుంది. దిగువన వసిష్ఠ నుంచి వైనతేయ చీలుతుంది. మజ్జలో తల్లి కణం కూడా ఇలాగే మొదట రెండు పెద్ద పాయలుగా చీలుతుంది.

మొదటిది మైలాయిడ్ పాయ. న్యూట్రోఫిల్స్, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్, మోనోసైట్లు ఈ పాయలోవి. చర్మంలోను, శ్వాసమార్గంలోను ఉండే మాస్ట్ కణాలూ ఈ పాయవే. ఎర్రకణాలు, రక్త ఫలకికలు కూడా ఈ వైపు బంధువులే. మోనోసైట్లు రక్తంలో ఒకటి రెండు రోజులు తిరిగి కణజాలంలోకి వెళ్లి పెద్దవై స్థూల భక్షకాలవుతాయి.

రెండవది లింఫాయిడ్ పాయ. బి కణాలు, టి కణాలు, సహజ సంహారక కణాలు దీనికి చెందినవి. చీటీలో వీటన్నిటినీ కలిపి ‘లింఫోసైట్లు’ అని ఒకే వరుసలో రాస్తారు. సాధారణ సూక్ష్మదర్శినిలో చూస్తే ఇవి దాదాపు ఒకే తీరున కనిపించడమే అందుకు కారణం.

ఒకే తల్లి పిల్లలకు ఇన్ని రూపాలెలా వచ్చాయని మీకు సందేహం రావచ్చు. జన్యువులు అన్నిటిలోను ఒక్కటే. అయితే చుట్టూ ఉన్న కణాలు పంపే రసాయన సంకేతాలను బట్టి ఏ కణంలో ఏ జన్యువులు పనిచేయాలో, ఏవి ఊరుకోవాలో మారుతుంది. లైబ్రరీ ఒకటే. చదివే పుస్తకాలు వేరు.

బి ఎక్కడిది? టి ఎక్కడిది?

లింఫోసైట్లలో రెండు రకాలున్నాయన్న రహస్యం సగం బయటపెట్టింది ఎవరనుకున్నారు? కోడి!

కోడికి మలద్వారం దగ్గర సంచి వంటి అవయవం ఒకటుంది. ఫాబ్రిషియస్ అనే పాతకాలపు ఇటలీ శాస్త్రజ్ఞుని పేరు మీద దాన్ని ‘ఫాబ్రిషియస్ బర్సా’ అంటారు. అది ఎందుకుందో ఎవరికీ తెలియదు. అమెరికాలో బ్రూస్ గ్లిక్ అనే పరిశోధక విద్యార్థి కొన్ని కోడిపిల్లల్లో దాన్ని తీసివేసి పెంచాడు. తోటి విద్యార్థి ఒకాయన తరగతిలో ప్రతిరక్షకాలు ఎలా తయారవుతాయో చూపించడానికి ఆ కోళ్లనే తీసుకెళ్లాడు. క్రిమి పదార్థం ఎక్కించినా చాలా కోళ్లలో ప్రతిరక్షకాలు పుట్టనే లేదు! 1956లో ఈ సంగతి కోళ్ల పెంపకానికి సంబంధించిన ఒక పత్రికలో అచ్చయింది. అందుచేత చాలాకాలం వైద్యుల కంట పడలేదు.

1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో థైమస్ గ్రంథిని తీసివేశాడు. ఇది రొమ్ము ఎముక వెనుక ఉంటుంది. ఆ ఎలుకల్లో లింఫోసైట్లు తగ్గిపోయాయి, తరచు జబ్బుపడ్డాయి. వేరే ఎలుక చర్మం అతికించినా వాటి శరీరం దాన్ని తిరస్కరించలేదు.

ఈ రెండు సంగతులను కలిపి చూస్తే లెక్క కుదిరింది. బర్సాలో తయారయ్యేవి బి కణాలు. థైమస్‌లో తయారయ్యేవి టి కణాలు. మనకు బర్సా లేదు. మన బి కణాలు మజ్జలోనే పక్వానికి వస్తాయి. టి కణాలు మాత్రం మజ్జలో పుట్టి, థైమస్‌కు వెళ్లి చదువు పూర్తిచేస్తాయి. ఆ బడిలో పరీక్ష చాలా కఠినం. సొంత శరీరాన్నే శత్రువుగా భావించే కణాలను అక్కడే తీసివేస్తారు. ప్రవేశించిన కణాలలో ఎక్కువ భాగం బయటికి రావు.

ముల్లు గుచ్చుకుంటే

ఇప్పుడు పనిని బట్టి చూద్దాం. చేలగట్టు మీద నడుస్తుంటే కాలిలో తుమ్మముల్లు దిగిందనుకుందాం. దానితోపాటు బాక్టీరియాలు లోపలికి పోయాయి.

చర్మంలో కాపలా ఉన్న స్థూల భక్షకాలు, మాస్ట్ కణాలు వెంటనే సంకేతాలు వదులుతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి. అందుకే అక్కడ ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది. కొన్ని గంటలలో న్యూట్రోఫిల్స్ గుంపులుగా వచ్చి బాక్టీరియాలను మింగుతాయి. మన మజ్జ రోజుకు సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారుచేస్తుంది. మింగి మింగి అవీ చచ్చిపోతాయి. మనం చీము అనేది చాలావరకు ఈ చచ్చిన కణాల రాశే. ఎవరు వచ్చినా ఒకే తీరున ఎదిరించే ఈ దళానిది సహజ నిరోధకత.

ఇంతలో ఇంకో కణం వేరే పని మీద ఉంటుంది. చెట్టుకొమ్మల వంటి చేతులున్న డెండ్రైటిక్ కణం శత్రువు ముక్కను పట్టుకుని శోషరస నాళాల గుండా గజ్జల్లోని శోషరస కణుపులకు వెళ్తుంది. అక్కడున్న టి కణాలకు ఆ ముక్కను చూపిస్తుంది. ఆనవాలు పట్టిన టి కణం తనవంటి వేలాది కణాలుగా విభజన చెందుతుంది. ‘కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ల కట్టింది’ అని పెద్దవాళ్లు అంటారే, ఆ బిళ్ల ఇదే. జబ్బు అక్కడికి పాకిందని ఎప్పుడూ భయపడనక్కరలేదు. చాలాసార్లు అది మన దళాలు కూడుతున్న గుర్తు.

సహాయక టి కణాలు మిగతా కణాలకు ఉత్తరువులిస్తాయి. సంహారక టి కణాలు వైరస్ సోకిన కణాలను చంపుతాయి. బి కణాలు ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. పని అయ్యాక కొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలి, అదే శత్రువు మళ్లీ వస్తే త్వరగా గుర్తుపడతాయి. టీకాలు పనిచేసేది ఈ జ్ఞాపకం వల్లనే. ఆనవాలు పట్టి పోరాడే ఈ దళానిది ఆర్జిత నిరోధకత.

పోరు ఆపమని చెప్పేవి కూడా ఉన్నాయి. వాటిని నియంత్రక టి కణాలంటారు. 1995లో జపాన్ శాస్త్రజ్ఞుడు సకగూచి వీటిని గుర్తించాడు. ఈ విషయంలో కృషి చేసినందుకు ఆయనకు, అమెరికా శాస్త్రజ్ఞులు బ్రంకో, రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంటిపేరు వేరు, ఉద్యోగం వేరు

అయితే మైలాయిడ్ పాయవన్నీ సహజ దళం, లింఫాయిడ్ పాయవన్నీ ఆర్జిత దళం అని రాసేసుకోవచ్చా? చాలావరకు సరిపోతుంది గాని పూర్తిగా సరిపోదు.

1975లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వర్ణించిన సహజ సంహారక కణాలను చూడండి. పుట్టుక లింఫాయిడ్. కాని ఇవి ఏ ఒక్క శత్రువునో గుర్తుపెట్టుకుని తయారయ్యేవి కావు. అనుమానం కలిగిన కణాన్ని అక్కడికక్కడే చంపుతాయి. అంటే ఇంటిపేరు లింఫాయిడ్, ఉద్యోగం సహజ దళంలో.

స్థూల భక్షకాలది ఇంకో చిత్రం. మెదడులో ఉండే భక్షక కణాలు అసలు మజ్జలో పుట్టినవే కావు. తల్లి కడుపులో పిండానికి ఇంకా మజ్జ ఏర్పడకముందే సొనసంచిలో పుట్టి మెదడు చేరతాయని 2010లో ఎలుకలపై చేసిన పరిశోధన చూపింది. కనుక ఏ కణాన్ని గురించి అయినా రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: ఎక్కడ పుట్టింది? ఏం చేస్తుంది?

ఇప్పుడు కణాల ఆనవాళ్లు చూడటానికి రంగులొక్కటే కాదు, వాటి పైపొర మీద ఉండే ప్రోటీన్‌లు కూడా పనికివస్తాయి. ఈ ప్రోటీన్‌లకు వరుస సంఖ్యలు ఇచ్చే పద్ధతి 1982లో పారిస్ సమావేశంలో మొదలైంది. సి.డి.4 ఉంటే సహాయక టి కణం, సి.డి.8 ఉంటే సంహారక టి కణం. ఎయిడ్స్ రోగులకు లెక్కించేది ఈ సి.డి.4 కణాలనే.

పురుగు, ఇసినోఫిల్, సుబ్బారావుగారి మందు

ఇక మదనపల్లె ప్రశ్నకు వద్దాం. ఆ రోగులలో ఇసినోఫిల్స్ ఎందుకు పెరిగాయి?

జవాబు మన గోదావరి జిల్లాలకు పాత పరిచయమున్న బోదకాలు పురుగులో ఉంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఈ ఫైలేరియా పురుగును మోస్తుంది. పెద్ద పురుగులు శోషరస నాళాలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అవి కనే పిల్లలు, మైక్రోఫైలేరియాలు, రాత్రివేళ రక్తంలోకి వస్తాయి. ఒక్కొక్కటి పావు మిల్లీమీటరు పైచిలుకు పొడవు. ఇసినోఫిల్ అందులో సుమారు ఇరవయ్యో వంతే ఉంటుంది. అంత పెద్ద జీవిని మింగడం న్యూట్రోఫిల్ వల్లా కాదు, భక్షకం వల్లా కాదు. అందుకని ప్రతిరక్షకాలు అంటుకున్న పురుగు చుట్టూ ఇసినోఫిల్స్ మూగి, తమ కణికలలోని విషపు ప్రోటీన్‌లను దానిమీద కుమ్మరిస్తాయి. మింగలేని శత్రువును కాల్చే పని వీటిది.

ఆ విషం పురుగును మాత్రమే తాకి ఊరుకోదు. కొందరి శరీరం పురుగు పిల్లలను ఊపిరితిత్తులలోనే పట్టేసి మితిమీరి పోరాడుతుంది. మామూలుగా ఘన మిల్లీమీటరుకు 500 లోపు ఉండవలసిన ఇసినోఫిల్స్ 3,000 దాటిపోతాయి. రాత్రిపూట ఉబ్బసం వంటి దగ్గు వస్తుంది. రక్తంలో వెదికితే పురుగు పిల్లలు కనిపించవు. 1960లో వెల్లూరు వైద్య కళాశాల డాక్టర్లు వెబ్, జాబ్, గాల్ట్ ఇలాంటి రోగుల ఊపిరితిత్తులలోను, కాలేయంలోను, శోషరస కణుపులలోను దాగిన మైక్రోఫైలేరియాలను చూపించారు. మదనపల్లె చిక్కుముడి అలా విడిపోయింది.

అదే ఊళ్లో ఇంకొకరి రక్తంలో రాత్రిపూట వేల పురుగు పిల్లలు తిరుగుతున్నా ఆయనకు ఏ బాధా ఉండకపోవచ్చు. పురుగు ఆయన నియంత్రక టి కణాలను పెంచి పోరును చల్లార్చింది. ఆయన హాయిగా ఉన్నాడు గాని ఆయనను కుట్టిన దోమ వల్ల పక్కింటివారికి ప్రమాదం. పురుగు ఒకటే. ఏ కణాలు ముందుకొచ్చాయన్న దాన్ని బట్టి జబ్బు రెండు రూపాలు ఎత్తింది.

దీనికి మందు కనిపెట్టిన బృందానికి పెద్ద మన తెలుగువాడే. వసిష్ఠకు అవతల భీమవరంలో 1895లో పుట్టి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన నాయకత్వంలో లెడర్లే సంస్థలో తయారైన హెట్రజాన్ గురించి 1947లో లోకానికి తెలిసింది. డి.ఇ.సి. మాత్రలంటే ఇవే. ఈ మందులో ఒక విశేషముంది. గాజుపాత్రలో పురుగు పిల్లల మీద వేస్తే పెద్దగా పనిచేయదు. శరీరంలో అయితే కొద్ది గంటలలోనే అవి రక్తం నుంచి మాయమవుతాయి. అంటే మన రక్షక కణాల సాయంతోనే అది పనిచేస్తుందన్నమాట.

ఆ బృందమే తయారుచేసిన అమినోప్టెరిన్‌తో 1948లో బోస్టన్ డాక్టరు ఫార్బర్ రక్త కాన్సరు వచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలం ఉపశమనం కలిగించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను లింఫాయిడ్ పాయలో వచ్చే పిల్లల రక్త కాన్సరుకు ఈనాటికీ వాడుతున్నారు. మంచి వైద్యం అందిన చోట అటువంటి పిల్లలలో పదికి ఎనిమిది, తొమ్మిది మంది బతుకుతున్నారు. మైలాయిడ్ పాయలో వచ్చే కాన్సరుకు మందులు వేరు. కాబట్టి కణం ఏ పాయదో తేల్చకుండా డాక్టర్లు వైద్యం మొదలుపెట్టరు. పిల్లవాని ప్రాణం ఆ వర్గీకరణ మీద ఆధారపడి ఉంటుంది.

మీరు చేయగలిగింది

ఈసారి ఇంట్లో రక్తపరీక్ష చీటీ కనిపిస్తే అయిదు రకాల అంకెలను కూడి చూడండి. నూరు రావాలి. ఒక్కొక్కదాని పక్కన దాని పాయ, దాని పని రాయండి. కాని అంకె కాస్త ఎక్కువైందని మీరే జబ్బు నిర్ణయించకండి. నులిపురుగులకూ, ఉబ్బసానికీ, కొన్ని ఎలర్జీలకూ ఇసినోఫిల్స్ పెరుగుతాయి. తేల్చవలసింది డాక్టరుగారే.

ఆరోగ్య కార్యకర్తలు రాత్రిపూట వచ్చి వేలి నుంచి రక్తపు చుక్క అడిగితే విసుక్కోకుండా ఇవ్వండి. పురుగు పిల్లలు పగలు రక్తంలో సాధారణంగా దొరకవు. 2004 నుంచి బోదకాలున్న ప్రాంతాలలో ప్రభుత్వం డి.ఇ.సి. మాత్రలను ఊరందరికీ ఒకేసారి పంచే పద్ధతి చేపట్టింది. మీ ఊళ్లో పంచినప్పుడు జేబులో వేసుకోక, ఇచ్చినవారి ఎదుటే మింగండి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఇవ్వరు. మింగాక కొందరికి కొంచెం జ్వరం, తలనొప్పి రావచ్చు. మందు పడలేదేమోనని ఇంట్లో కంగారుపడితే, చచ్చిపోతున్న పురుగు పిల్లల మీద మన కణాలు విరుచుకుపడటం వల్ల వచ్చే జ్వరం అదని మీరు చెప్పగలరు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

చివరగా ఒక ప్రశ్న. థైమస్ గ్రంథి లేకుండా పుట్టిన శిశువు రక్తంలో న్యూట్రోఫిల్స్ తగ్గుతాయా? ఆ శిశువుకు ఇతరుల చర్మం అతికిస్తే శరీరం తిరస్కరిస్తుందా? ఏ కణం ఏ పాయదో గుర్తు చేసుకుని, జవాబును కారణంతో సహా మీ నోటుపుస్తకంలో రాయండి.